నూట ఇరువది గంటలలో ముప్పదియేడు

2025 ఆగస్టు 21వ తేదీన లోకసభ వర్షకాల సమావేశములు ముగిసినవి. సభను ముగించుచు స్పీకరు శ్రీ ఓం బిర్లాగారు ఒక లెక్కను దేశము ముందుంచిరి. ఈ సమావేశములలో 120 గంటలు చర్చ జరుపవలెనని పక్షములన్నియు మొదట సమ్మతించియుండెను. జరిగినది 37 గంటలు మాత్రమే. సభ్యులు వ్రాసియిచ్చిన 419 నక్షత్రాంకిత ప్రశ్నలు కార్యక్రమములో చేరినవి. మంత్రులు లేచి నోటితో సమాధానము చెప్పినవి 55. రాజ్యసభ పనిచేసినది 41 గంటల 15 నిమిషములు. ఇన్ని గంటలు పోయినను లోకసభలో 12 బిల్లులు ఆమోదము పొందినవి. ఇవి ప్రభుత్వమును దూషింపబూనిన పక్షమువారు కూర్చిన అంకెలు కావు. ప్రతిపక్షమును నిందింప నెంచినవారు కూర్చినవియు కావు. సభాధ్యక్ష పీఠమునుండి వెలువడిన మాటలు.

పఠనమందిరములలో పత్రికలు తిరుగవేయు మన పాఠకులలో పలువు రీ లెక్కను చూచి, "పార్లమెంటు సంగతి ఎప్పుడును ఇంతే కదా" అని తరువాతి పుటకు పోయియుందురు. వారిని మేము తప్పుపట్టము. ఏండ్ల తరబడి కేకలు, వాయిదాలు, చించిన కాగితములు చూచి చూచి విసిగినవారు వారు. కాని ఆ విసుగే ఇప్పుడు దేశమునకు పెద్ద అపాయముగా మారుచున్నదని మా యభిప్రాయము. సభలో పోయిన 83 గంటలు అధికారపక్షమువారి సొత్తును కాదు, ప్రతిపక్షమువారి సొత్తును కాదు. అవి మనవి. మన తరపున అడుగవలసిన ప్రశ్నలు, మన మీద విధింపబోవు చట్టములను పరీక్షింపవలసిన గంటలు. మన పొలములోని నీరు దారి మళ్లి పోవుచుండగా గట్టుమీద కూర్చుండి నవ్వుకొను రైతు ఉండునా? అందుచే ఈ వారము ఈ విషయమును కొంత విపులముగా విచారించుచున్నాము.

సభ ఎందుకు స్తంభించెను? బీహారు రాష్ట్రమున శాసనసభ ఎన్నికలకు ముందు ఎన్నికల సంఘము వోటర్ల జాబితాను ప్రత్యేకముగా సమగ్రముగా సవరింప బూనినది. 7 కోట్ల 89 లక్షల పేర్లున్న జాబితా 2025 ఆగస్టు 1వ తేదీన చిత్తుగా వెలువడునప్పటికి 7 కోట్ల 24 లక్షలైనది. రమారమి 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవారనియు, వలస పోయినవారనియు, రెండుచోట్ల నమోదైనవారనియు సంఘము కారణములు చెప్పినది. ఇందులో ఎంత నిజమో తేల్చవలెననియు, పార్లమెంటులో చర్చ జరుపవలెననియు ప్రతిపక్షములు పట్టుపట్టినవి. ప్రభుత్వము కాదన్నది. ఇంతే కారణము. పదివేల మాటల గందరగోళమునకు వెనుక నున్నది ఈ ఒక్క చర్చ మాత్రమే.

ప్రభుత్వ మిచ్చిన సమాధానమును తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు. వారి వాదన రెండు కాళ్లమీద నిలచినది. ఎన్నికల సంఘము రాజ్యాంగము స్థాపించిన స్వతంత్రసంస్థ. సభలో దానికి బదులు చెప్పు మంత్రి లేడు. 1980 మొదలు 1989 వరకు స్పీకరుగా నుండిన శ్రీ బలరామ్ జాఖర్‌గారు ఆ సంఘపు కార్యవిధానమును సభ చర్చింపరాదని నిర్ణయించియున్నారు. ఇది మొదటిది. విషయము సుప్రీముకోర్టు విచారణలో నున్నది గావున దానినిగూర్చి సభ నోరు మెదపరాదనునది రెండవది. న్యాయస్థానములలో పనిచేయు వారమగుటచే, విచారణలోనున్న వ్యాజ్యమునుగూర్చి బయట తీర్పులు చెప్పరాదను నియమము విలువ మా కెరుకయే. కాని ఆ నియమము ఎవరిని కట్టివేయుటకు పుట్టినది? ఎవరి నోరు మూయుటకు వాడబడుచున్నది? ఇది విచారింప దగినది.

ఇక్కడ మన చరిత్రలోని ఒక ఘట్టము జ్ఞప్తికి వచ్చుచున్నది. 1929లో పరాయి ప్రభుత్వము కేంద్ర శాసనసభలో ప్రజారక్షణ బిల్లును తెచ్చెను. ఆ సమయముననే మీరటులో కార్మిక నాయకులమీద కుట్రకేసు నడుచుచుండెను. అధ్యక్షపీఠమున విఠల్‌భాయి పటేలుగా రుండిరి. బిల్లును చర్చింపవలెనన్నచో మీరటు కేసులోని సంగతులను ముట్టుకొనక తప్పదు. ముట్టుకొన్నచో న్యాయవిచారణకు భంగము. కావున ప్రభుత్వము బిల్లునైనను ఆపవలెను, కేసునైనను ఉపసంహరింపవలెను అని వారు చెప్పిరి. ప్రభుత్వము రెండింటికిని ఒప్పుకొనలేదు. ఏప్రిల్ 11వ తేదీన పటేలుగారు బిల్లు క్రమవిరుద్ధమని తీర్పు చెప్పిరి. వైస్రాయి ఆర్డినెన్సును ఆశ్రయింపవలసివచ్చెను. విచారణలోనున్న విషయమను నియమమును ఆ మహనీయుడు ప్రయోగించినది ప్రభుత్వముమీద. సభ్యుల గొంతుమీద కాదు. సభ చర్చింపజాలనిది సభచేత ఆమోదింపజేయుటకు వీలులేదని వారి సిద్ధాంతము. నేడు అదే నియమము తలక్రిందులైనది. చర్చకు వీలులేదందురు, ఆ చర్చలేని సభలోనే బిల్లులకు మాత్రము వీలున్నదందురు.

ఇంతలో సుప్రీముకోర్టు తన పని తాను చేసెను. తొలగిన 65 లక్షల పేర్లను కారణములతో సహా ప్రకటింపవలెనని ఆగస్టు 14వ తేదీన ఆజ్ఞాపించెను. పేర్లు బయటికి వచ్చినవి. అప్పటికి పార్లమెంటు ఇంకను సమావేశమైయే యున్నది. జాబితాను చూడగోరిన పౌరునికి దారి చూపినది న్యాయస్థానము. ప్రజలెన్నుకొన్న సభ కాదు. దీనికంటె సభకు గౌరవహాని ఏమున్నది?

పిమ్మట ఏమి జరిగినది? నవంబరు 6, 11 తేదీలలో బీహారు వోటువేసెను. 14వ తేదీన ఫలితములు వచ్చెను. డిసెంబరు 1న శీతకాల సమావేశములు ఆరంభమైనవి. వందేమాతర గీతమునకు నూటయేబది యేండ్లు నిండిన సందర్భమున 8వ తేదీన లోకసభ దానినిగూర్చి ముచ్చటించినది. 1907లో రాజమహేంద్రవరమున ఆ మాటను ఎదలమీద ధరించి పలికినందుకు విద్యార్థులు శిక్షల పాలైన సంగతి మరువని ఆంధ్రులకు అది సంతోషకరమే. మరునాడు, ఆపై నాడు లోకసభ ఎన్నికల సంస్కరణలను చర్చించెను. వోటర్ల జాబితా సవరణ సంగతి ఆ చర్చలో నిండుగా వచ్చెను. ప్రతిపక్ష నాయకులు తమ ఆరోపణలు చేసిరి; హోముమంత్రి శ్రీ అమిత్‌షాగారు వానికి సమాధానము చెప్పిరి. ఆకాశము విరిగి పడలేదు. న్యాయస్థానము గౌరవమునకు భంగము కలుగలేదు. ఎన్నికల సంఘము స్వాతంత్ర్యము చెడలేదు. ఆ సమావేశములలో సభ నియమిత కాలమునకు మించియే పనిచేసెనని స్పీకరు గారే చెప్పిరి.

మేము అడుగునది ఒక్కటే. "ఎన్నికల సంస్కరణలు" అను పేరుతో డిసెంబరులో చర్చింపదగిన సంగతి జూలైలో ఏల చర్చింపరానిదైనది? పేరు మార్చినంత మాత్రమున తొలగిపోవు నిషేధము రాజ్యాంగ నిషేధ మెట్లగును? జూలైలోనే ఆ పేరుతో రెండు దినము లిచ్చియున్నచో 83 గంటలు దక్కియుండెడివి. బీహారు వోటరు పోలింగునకు ముందే ఇరుపక్షముల వాదములు వినియుండెడివాడు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మనకు క్రొత్త కాదు. కాని ప్రభుత్వము చేతనే ఆకులుండగా కాలనిచ్చుట చిత్రము.

ఆ గందరగోళములో ఏమేమి చట్టములైనవో పాఠకులు గమనింపవలెను. ఆగస్టు 20వ తేదీన ఆన్‌లైను ఆటల బిల్లు లోకసభలో ప్రవేశపెట్టబడి ఆ దినముననే కొన్ని నిమిషములలో ఆమోదము పొందెను. మరునాడు రాజ్యసభ ఆమోదించెను. 22వ తేదీన రాష్ట్రపతి సంతకమైనది. పందెము డబ్బుతో ఆడు ఆటలను నడుపువారికి మూడేండ్ల వరకు కారాగారము, కోటి రూపాయల వరకు జుల్మానా; ప్రకటనలు వేయువారికి రెండేండ్ల వరకు కారాగారము, ఏబది లక్షల వరకు జుల్మానా; ఆడువానికి శిక్ష లేదు. ఉద్దేశమును మేము మనసార మెచ్చుకొందుము. చేతి ఫోనులో రమ్మీ ఆడి జీతము, భార్య నగలు, తుదకు ప్రాణము పోగొట్టుకొన్న యువకుల కథలు మన పట్టణములలో ఏ వీధివారిని అడిగినను చెప్పుదురు. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఇట్టి ఆటలను నిషేధించిన సంగతి అందరెరిగినదే.

మంచి చట్టమైనచో చర్చ ఎందుకని కొందరనవచ్చును. మంచి చట్టమగుటచేతనే చర్చ కావలెను. రమ్మీ నైపుణ్యముతో కూడిన ఆటయని సుప్రీముకోర్టు 1967లో చెప్పినది. ఆ తీర్పు సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నడపిన వ్యాజ్యములోనిదే. నైపుణ్యమునకు, అదృష్టమునకు నడుమ కోర్టులు గీచిన గీతను ఈ చట్టము తుడిచివేసినది. జూదము రాజ్యాంగము ప్రకారము రాష్ట్రముల జాబితాలోని విషయము. వారంటు లేకయే సోదా చేయుటకును, పట్టుకొనుటకును అధికారుల కీ చట్టము అధికార మిచ్చినది. ఇందులో ప్రతి యొక్కటియు సభలో ఒక పూట వాదమునకు తగినది. అచ్చట వాదింపనిచో ఎచ్చట వాదింతురు? కోర్టులలో. సభలో మంత్రి ఒకపూట చెప్పవలసిన సమాధానమును కోర్టులో ప్రభుత్వపు న్యాయవాదులు ఏండ్ల తరబడి చెప్పవలసి వచ్చును. అంతవరకు చట్టము కత్తి అంచున నిలుచును. మోసపోయిన కుర్రవాని తల్లిదండ్రులకు దానివలన మేలేమి?

ఆదాయపు పన్ను బిల్లు కథయు నిట్టిదే. 1961 నాటి చట్టమునకు బదులుగా 536 సెక్షనులతో వచ్చిన ఆ బృహద్గ్రంథము ఆగస్టు 11వ తేదీన లోకసభలో నిమిషములమీద గడచిపోయినది. సెలెక్టు కమిటీ దానిని నెలల తరబడి శ్రద్ధతో పరిశీలించి 285 సిఫారసులు చేసినమాట నిజము. అందుకు ఆ సభ్యులను అభినందింపవలసినదే. కాని సంఘము గదిలో జరిగినది దేశము వినలేదు. పన్ను చెల్లించువాడు తన ప్రతినిధి నోట ఒక్క మాటయైనను విననేలేదు. పన్ను వేయుటకు ముందు ప్రజాప్రతినిధుల సమ్మతి కావలెనను సూత్రముమీదనే ప్రపంచమున శాసనసభలు పుట్టినవని విద్యార్థులకు పాఠము చెప్పుచున్నాము. సమ్మతి యనగా "అవును" అను కేక యొక్కటియేనా?

అదే ఆగస్టు 20వ తేదీన హోముమంత్రి గారు 130వ రాజ్యాంగ సవరణ బిల్లును ప్రవేశపెట్టిరి. అయిదేండ్లు గాని అంతకు మించి గాని శిక్షపడదగిన నేరారోపణమీద ప్రధానమంత్రి గాని, ముఖ్యమంత్రి గాని, మంత్రి గాని వరుసగా 30 దినములు నిర్బంధమున నున్నచో 31వ దినమున పదవి పోవునని దాని సారాంశము. విడుదలయైన పిదప మరల నియమింపవచ్చును. కారాగారమునుండి ప్రభుత్వము నడుపుట వింతయే. అట్టివారు తమంతట తామే తప్పుకొనుట మర్యాద. ఆ మర్యాదను పాటింపనివారినిగూర్చి మా కేమియు సానుభూతి లేదు. కాని మర్యాద వేరు, శాసనము వేరు. నేడున్న చట్టము ప్రకారము సామాన్యముగా నేరము రుజువై రెండేండ్లు గాని అంతకు మించి గాని శిక్ష పడినగాని శాసనసభ్యత్వము పోదు. బిల్లు ప్రకారము రుజువు అక్కరలేదు, అభియోగపత్రము అక్కరలేదు. 30 దినములు జామీను రాకుండుట చాలును. కొన్ని చట్టముల క్రింద జామీను దొరకుట ఎంత దుర్లభమో న్యాయవాదుల కెల్ల తెలియును. పట్టుకొను అధికారము పోలీసువారిది. కేంద్రపు దర్యాప్తు శాఖలు కేంద్ర ప్రభుత్వము చేతిలోనివి. ప్రజలు వోటువేసి యిచ్చిన పదవిని ఒక దర్యాప్తు అధికారి నెలదినములలో తీసివేయ గలుగుట క్షేమమా?

కారాగారమునకు పోవుటయే అయోగ్యత యనువారు మన జాతీయోద్యమమును తలచుకొనవలెను. 1946లో మదరాసు ప్రధానిగా కూర్చున్న ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు ఎన్ని మార్లు చెరసాలకు పోయివచ్చినవారు! వారి కాలము వేరు, నేటి లంచగొండుల కాలము వేరు అని అందురు. వేరే, సందేహములేదు. కాని ఎవడు దేశభక్తుడో ఎవడు లంచగొండియో నిర్ణయించునది విచారణ గాని నిర్బంధము కాదు. ఈ బిల్లును ఉభయసభల సంయుక్తసంఘమునకు పంపిరి; అది మంచిపని. అయితే ప్రతిపక్షములలో పలువురు ఆ సంఘములో కూర్చుండుటకు నిరాకరించిరి. అది మంచిపని కాదు. 31 మంది సభ్యుల సంఘములో తమకు సంఖ్యాబలము లేదనుట కారణమా? అసమ్మతి లేఖ వ్రాయుటకు సంఖ్యాబలము అక్కరలేదు. కాగితము, కలము, వివేకము చాలును.

ప్రతిపక్షమువారికి మేము చెప్పవలసినది ఇంకను కలదు. బిల్లు కాగితములను చించి మంత్రివైపు విసరుటవలన బిల్లులోని ఒక్క అక్షరమైనను మారలేదు. వారు కేకలు వేసిన ప్రతి గంటయు అధికారపక్షమునకు లాభించినది. ప్రశ్నలు తప్పినవి, సవరణలు తప్పినవి, బిల్లులు గడచినవి. స్పీకరుగారు చెప్పిన ఆ 419 ప్రశ్నలలో ఎన్నియో ప్రతిపక్షమువారివే కదా! అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. అడుగుటకు లేచిన చోటనే అరచి కూర్చున్నచో ఎవరు పెట్టుదురు?

ఇది ఒక పక్షపు దుర్గుణము కాదని కూడ చెప్పుట మా విధి. 2010 శీతకాల సమావేశములు టెలికం వ్యవహారమున సంయుక్తసంఘము కావలెనని నాటి ప్రతిపక్షము పట్టుపట్టగా దాదాపు పూర్తిగా కొట్టుకొనిపోయినవి. నాటి ప్రతిపక్షమే నేటి అధికారపక్షము. తుదకు 2011లో ఆ సంఘమును నియమింపక తప్పలేదు; ముందే నియమించియున్నచో ఒక సమావేశకాలము దక్కియుండెడిది. ఇక 2014 ఫిబ్రవరి మాసమును తెలుగువారెవరు మరువగలరు? 13వ తేదీన మన ప్రతినిధియే సభలో మిరియపు ద్రావకము చిమ్మెను. 18వ తేదీన సభాప్రసారము నిలచిపోయియుండగా మన రాష్ట్ర విభజన బిల్లు నోటి వోటుతో గడచెను. తెలంగాణము కోరినవారును, వలదన్నవారును ఒక విషయమున ఏకాభిప్రాయులు కావలెను: కోట్ల జనుల భాగ్యమును నిర్ణయించిన ఆ గడియలో దేశము చూడరాదని తెర వేయుట సభకు తగినది కాదు. ఆనాడు సరిగా చర్చింపని విషయములు పిదప ఏండ్ల తరబడి రెండు రాష్ట్రములను కోర్టుల చుట్టును, ఢిల్లీ చుట్టును త్రిప్పినవి.

కేకల సభ ఒక విధము. ఖాళీ సభ మరొక విధము. 2023 డిసెంబరు 13వ తేదీన ఆగంతకులు లోకసభలో దూకిరి. హోముమంత్రి సభకు వచ్చి సంజాయిషీ చెప్పవలెనని ప్రతిపక్షము కోరినది; సభ స్తంభించినది. ఆ సమావేశములు ముగియునప్పటికి ఉభయసభలలో 146 మంది సభ్యులు సస్పెండు చేయబడిరి. 18వ తేదీ యొక్కనాడే 78 మంది. బల్లలు అట్లు ఖాళీగా నుండగా 20వ తేదీన లోకసభ, 21వ తేదీన రాజ్యసభ మూడు నేరచట్టములను ఆమోదించినవి. శిక్షాస్మృతి, నేరవిచారణ విధానము, సాక్ష్యచట్టము మూడును మారిపోయినవి. 2024 జూలై 1వ తేదీనుండి దేశమందలి ప్రతి పోలీసుఠాణాలోను, ప్రతి కోర్టులోను అవియే నడుచుచున్నవి. ఆ బిల్లులు అంతకుముందు స్థాయీసంఘము పరిశీలనకు పోయినవే. అయినను, మెకాలే అధ్యక్షుడుగా 1837లో తయారైన చిత్తు 1860లో గాని శిక్షాస్మృతిగా వెలువడలేదు. 23 ఏండ్లు పట్టినది. పరాయి దొర తీసికొన్న వ్యవధిలో పదవ వంతైనను స్వతంత్ర భారతమున స్వకీయ చట్టమునకు దక్కవలదా? నేడు పోలీసు కస్టడీ కాలమునుగూర్చి యొక కక్షిదారు మమ్ము ప్రశ్నించినచో, చట్టములోని సందేహమును తీర్చుకొనుటకు సభాచర్చల పుటలు త్రిప్పుదుము. ప్రతిపక్షము బల్లలవైపునుండి వచ్చిన ప్రశ్న అచ్చట అరుదు. ప్రశ్న లేనిచోట మంత్రి వివరణ కూడ లేదు.

మూడవ విధము తొందరపాటు. 2025 డిసెంబరులో సభ గలభా లేక చాలవరకు సాగినదని సంతసించితిమి. అయితే గ్రామీణ ఉపాధి హామీ చట్టమునకు బదులుగా క్రొత్త బిల్లు డిసెంబరు 16న ప్రవేశించి, 18న లోకసభలో గడచి, ఆ రాత్రి దాటకముందే రాజ్యసభకు చేరి, నడిరేయి దాటిన పిదప ఆమోదము పొందినది. స్థాయీసంఘమునకు పంపుడని కోరినను పంపలేదు. 21వ తేదీన రాష్ట్రపతి ఆమోదము దొరకినది. పని దినములు 100 నుండి 125కు పెరిగినవి, అది మేలు. కాని వెనుక కూలి మొత్తము కేంద్రమే భరించెడిది. ఇప్పుడు సామాన్య రాష్ట్రములు ఖర్చులో నూటికి 40 వంతులు మోయవలెను. అది మన రెండు రాష్ట్రముల ఖజానాలకు ఎంత బరువో, మోయలేనినాడు కూలివాని గతి యేమో ఎవరును సావకాశముగా లెక్క చూడలేదు.

పాత చట్టము పుట్టుకను చూడుడు. 2004 డిసెంబరులో బిల్లు వచ్చినది, స్థాయీసంఘము విచారించినది, ఆ సంఘమునకు అధ్యక్షులు నాటి ప్రతిపక్షమునకు చెందిన శ్రీ కల్యాణ్ సింగుగారు, 2005 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించినది. ఎనిమిది నెలలు పట్టినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన ఆ పథకము మన అనంతపురము జిల్లా బండ్లపల్లి గ్రామమున ఆరంభమైనది. ఎనిమిది నెలలు ఆలోచించి కట్టిన యింటిని మూడు దినములలో మార్చివేసిరి. క్రొత్త యిల్లు మంచిదే కావచ్చును; ఆ మాట రుజువు చేయుటకే కదా చర్చ.

ఈ మూడు విధములును ఒక్క రోగము లక్షణములే. సభ కూర్చుండుటయే తగ్గిపోయినది. 1952–57 నాటి మొదటి లోకసభ 677 దినములు కూర్చున్నది. 2019–24 నాటి 17వ లోకసభ 274 దినములు. పూర్తి కాలము నడచిన లోకసభలలో ఇంత తక్కువ కూర్చున్నది మరియొకటి లేదు. 2009–14లో వచ్చిన బిల్లులలో నూటికి 71 సంఘముల పరిశీలనకు పోగా, 17వ లోకసభలో నూటికి 16 మాత్రమే పోయినవి. రాజ్యాంగము 93వ అధికరణము స్పీకరును, డిప్యూటీ స్పీకరును వీలైనంత త్వరలో ఎన్నుకొనవలెనని చెప్పుచున్నది. 17వ లోకసభ అయిదేండ్లును డిప్యూటీ స్పీకరు లేకయే గడచినది. 2024లో ఏర్పడిన 18వ లోకసభలో 2025 సంవత్సరాంతమువరకును ఆ స్థానము ఖాళీయే. మొదటి లోకసభలో ఆ పీఠము నధిష్ఠించినవారు చిత్తూరులో న్యాయవాదిగా నుండిన తిరుచానూరువారు శ్రీ అనంతశయనం అయ్యంగారు గారు. పిదప 1956లో స్పీకరైనవారును వారే. ఆ పీఠము ఖాళీగా నుండుట చూచి ఆంధ్రులు ప్రత్యేకముగా చింతింపవలసి యున్నది.

చికిత్స తెలియనిది కాదు. జస్టిస్ వెంకటాచలయ్యగారి అధ్యక్షతన రాజ్యాంగ సమీక్షా సంఘము 2002లోనే లోకసభ ఏటికి కనీసము 120 దినములు, రాజ్యసభ 100 దినములు కూర్చుండవలెనని చెప్పినది. దానిని శాసనము చేయవలెను. ఇంగ్లండు కామన్సు సభలో ఒక్కొక్క సమావేశకాలమున 20 దినములు ప్రతిపక్షమునకు వదలుదురు. ఆ దినములలో చర్చనీయాంశమును నిర్ణయించునది ప్రతిపక్షమే. మన సభలోను అట్టి దినము లున్నచో చర్చ కొరకు కేకలు వేయవలసిన అవసరము ప్రతిపక్షమునకు తప్పును. కేకల మిషమీద బిల్లులు గడుపుకొను సౌకర్యము ప్రభుత్వమునకును తప్పును. ప్రవేశపెట్టిన నాడే ఏ బిల్లును ఆమోదింపరాదనియు, సంఘమునకు పంపనిచో కారణము వ్రాతమూలకముగా చెప్పవలెననియు నియమము కావలెను. గలభా నడుమ నోటి వోటుతో బిల్లు గడపుట మానవలెను. సభలో సద్దు మణగినగాని ప్రశ్నను వోటుకు పెట్టననుట స్పీకరు చేతిలోని పని. విఠల్‌భాయి కూర్చున్న పీఠపు వారసులకు ఆ ధైర్యము కొరవడరాదు.

పహల్గాములో 26 మంది హతులైన పిదప జరిగిన సైనికచర్యనుగూర్చి 2025 జూలై ఆఖరున ఉభయసభలును మూడు దినములు తీవ్రముగా, సవిస్తరముగా చర్చించినవి. మాట తీరున కటువు లేకపోలేదు; అయినను వినువారు విన్నారు, చెప్పువారు చెప్పినారు. మన సభకు చర్చించు శక్తి పోలేదనుటకు అదియే సాక్ష్యము. పోయినది సంకల్పము. సంకల్పమును పుట్టించు బాధ్యత సభ్యులదే కాదు, వారిని పంపిన మనదియు.

మన పాఠకులు చేయదగిన చిన్నపని యొకటి చెప్పి ముగింతుము. మీ నియోజకవర్గపు సభ్యుడు ఎన్ని దినములు హాజరైనది, ఎన్ని ప్రశ్నలు వేసినది, ఏ బిల్లుమీద ఏమి పలికినది ఉభయసభలు ప్రకటించు వివరములలో దొరకును. ప్రతి పఠనమందిరమును ప్రతి సమావేశము తరువాత ఆ మూడు సంగతులను ఒక కాగితముమీద వ్రాసి గోడకు అంటింపవలెను. సభ్యుడు ఊరికి వచ్చినపుడు పూలమాలతో పాటు ఆ కాగితమును చేతి కందింపవలెను. ఆన్‌లైను జూదపు బిల్లును, ఉపాధి బిల్లును గూర్చి మీరేమి మాటలాడితిరని అడుగవలెను. మాటలాడలేదన్నచో ఏల మాటలాడలేదని అడుగవలెను. ఆయన అధికారపక్షమువాడైనను సరే, ప్రతిపక్షమువాడైనను సరే, ఈ ప్రశ్న ఒక్కటే.

1919లో రౌలటు చట్టమును భారతీయ సభ్యులు సామ్రాజ్య శాసనసభలో ఏకముఖముగా ఎదిరించిరి; సంఖ్యాబలము లేక ఓడిరి; మాలవ్యాగారు మొదలగువారు సభ్యత్వములు విడిచి వెడలిరి. ఓడినను వారి వాదములు గ్రంథస్థములై దేశమును మేల్కొలిపినవి. వోటు హక్కు లేని దేశమున, బలము లేని సభలో వా రంత పలుకగలిగిరి. వోటు హక్కును బలమును రెండును గల మన సభ 120 గంటలలో 37 మాత్రమే పలికినది. ఈ లెక్కను వచ్చు సమావేశముల నాటికి సరిచేయుడని ఉభయ పక్షములను కోరుచున్నాము. సరిచేయనిచో తదుపరి ఎన్నికలలో ఆ లెక్క చూడవలసినవారు మన పాఠకులే.